పొట్టేలు పిల్లలకు నూనె ఎంత పోయాలి?

2025లో బక్రీద్ జూన్ 7న వచ్చింది. అంటే పండక్కి అమ్మే పొట్టేలు పిల్లల్ని మేం మేపింది మార్చి నుంచి మే దాకా, అనంతపురం ఎండల్లో. సంతలో తెచ్చినవి పన్నెండు, ఒక్కొక్కటి పదిహేను కిలోలు ఉంటుంది. ఎండకు మేత సగంలో వదిలేసేవి. బరువు పెరగడం లేదని ఇంట్లో అందరికీ టెన్షన్.

మా నాయనకు నూనె మీద నమ్మకం ఎక్కువ. కడుపు ఉబ్బిన జీవాలకు వేరుశనగ నూనె తాగించి బతికించిన మనిషి. గానుగ ఆడించిన నూనె డబ్బా ఇంట్లోనే ఉంది. రోజుకో లీటరు దాణాలో కలపడం మొదలుపెట్టాడు. "ఎద్దుకు పోస్తే బలం, పొట్టేలికి పోస్తే ఏమైతాదమ్మా?" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది.

మూడో రోజు ఏడు పిల్లలు తొట్టి దగ్గరికే రాలేదు. నెమరు లేదు. పెంటికలు రాలాల్సింది ముద్దముద్దగా, జిగటగా పడుతోంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

పశువుల డాక్టరుగారు వచ్చి ముందు దాణా బస్తా విప్పమన్నారు. గానుగ చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి), పచ్చి తవుడు, మొక్కజొన్న నూక. "నూనె ఇందులోనే ఉంది కదమ్మా" అన్నారు. గానుగ చెక్కలో ఏడెనిమిది శాతం మిగులుతుంది. నూనె తీయని తవుడులో పదిహేను శాతం దాకా ఉంటుంది, అందుకే నాలుగు రోజులకే ముక్కిన వాసన వస్తుంది. దాని మీద మేం లీటరు పోశాం.

గొర్రె పెద్ద పొట్టలో గడ్డిని అరిగించేది కంటికి కనపడని సూక్ష్మజీవులు. నూనె ఎక్కువైతే గడ్డి పోచల మీద పొరలా పడుతుంది, ఆ జీవులను గడ్డికి అంటుకోనివ్వదు. వేరుశనగ, పొద్దుతిరుగుడు లాంటి నూనెలు ఆ సూక్ష్మజీవులనే దెబ్బతీస్తాయి. గడ్డి అరగకపోతే ఆకలి పుట్టదు. ఉబ్బరానికి ఒక్కసారి తాగించేది మందు, రోజూ పోసేది మేత. ఈ తేడా మాకు తట్టలేదు.

నూనె ఆపేశాం. నాలుగు రోజులు శనక్కట్టె (కాయలు కోశాక మిగిలే వేరుశనగ ఎండు మేత), నీళ్లు, అంతే. అన్నీ లేచాయి. ఆ నాలుగు రోజులూ నాయన దొడ్లోనే పడుకున్నాడు.

అలాగని నూనె చెడ్డదని అనను. గింజల పిండి కంటే రెండింతలకు పైగా శక్తి ఇస్తుంది, అరిగేటప్పుడు ఒంట్లో వేడి తక్కువ పుట్టిస్తుంది. మేత తగ్గే ఎండాకాలంలో అదే కావాలి. లెక్క తెలియాలి, అంతే. పదిహేను కిలోల పిల్ల రోజుకు తినే ఎండు మేత, దాణా కలిపి సుమారు ఆరు వందల గ్రాములు. మొత్తం మేతలో కొవ్వు, ముందే ఉన్నదాంతో కలిపి, ఐదారు శాతం దాటకూడదు. తవుడు మానేసి, చెక్క తగ్గించాక, మేం పోసింది మూడు శాతం, పిల్లకు 18 గ్రాములు. పన్నెండింటికీ కలిపి పావు లీటరు కూడా కాదు. అది కూడా కొంచెంతో మొదలుపెట్టి, రెండు వారాల్లో అక్కడికి తెచ్చాం. నూక మీద చల్లి, చేత్తో బాగా పిసికి, చల్లపూట పెట్టాం.

పండగనాటికి అన్నీ అమ్ముడుపోయాయి. అది నూనె వల్లో, తగ్గిన ఎండ వల్లో చెప్పలేను. ఈసారి ఆరింటికి నూనెతో, ఆరింటికి నూనె లేకుండా పెట్టి, ప్రతి ఆదివారం కాటా వేస్తాను. స్టీలు గ్లాసు మీద నాయన ఇప్పటికే మేకుతో గీత గీసి పెట్టాడు.