తస్రీహ్ కాగితం వెంట

నేను 2017లో రాజోలు నుంచి యెరూషలేముకు వృద్ధులను చూసుకునే పనికి వచ్చాను. అంతకు ముందు తొమ్మిదేళ్లు ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పాను. ఇక్కడ పని చేసే మన కోనసీమ ఆడవాళ్లు చాలామందిలాగే నేనూ మా పెద్దావిడను సఫ్తా అని పిలుస్తాను. హీబ్రూలో అమ్మమ్మకూ నాన్నమ్మకూ అదొక్కటే మాట.

సఫ్తా బడిలో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకున్న మనిషి. మొదటి ఇంతిఫాదా (పాలస్తీనీయుల తిరుగుబాటు) రోజుల్లో, 1988లో, పాలస్తీనా ప్రాంతాల మీద ఇజ్రాయెల్ ఆక్రమణకు వ్యతిరేకంగా యెరూషలేములో మొదలైన ‘వుమెన్ ఇన్ బ్లాక్’ నిరసనకు ఆమె తొలినాళ్ల నుంచీ వెళుతోంది. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటి వరకు పారిస్ కూడలిలో కొందరు స్త్రీలు నల్లబట్టలతో, అరచేతి ఆకారంలో కత్తిరించిన నల్లని అట్టలు పట్టుకుని నిలబడతారు. దాని మీద ‘ఆక్రమణ ఇక చాలు’ అని తెల్లటి అక్షరాలుంటాయి. ఆమె చక్రాల కుర్చీని అక్కడి దాకా తోసుకు వెళ్లడం నా పనిలో భాగం కాబట్టి మొదట్లో నేను కుర్చీ వెనుక, తల దించుకుని నిలబడేదాన్ని. కార్ల అద్దాలు దించి కొందరు తిట్టేవారు, ఒకసారి ఒకాయన ఆమె ముఖానికి అడుగు దూరంలో వంగి, నీ మనవలు చస్తే తెలుస్తుందని అరిచాడు. సఫ్తా అట్ట దించలేదు గానీ దాన్ని పట్టుకున్న చేయి వణకడం వెనుక నుంచి నాకు కనబడింది. రాత్రి అమ్మకు ఫోన్‌లో చెబితే, “పెద్దావిడను చూసుకోవడానికి వెళ్లావు గానీ ఊళ్లోవాళ్ల గొడవల్లో నిలబడడానికి కాదమ్మా, వీసా పోతే ఏజెంటుకు కట్టిన లక్షలు ఎవరిస్తారు?” అంది. ఆ భయం నాకూ ఉండేది.

ఆ భయం కన్నా బలమైనది నాకు బేత్లెహేము బస్సులో ఎదురైంది. క్రీస్తు పుట్టిన గుడి చూసి తిరిగి వస్తుండగా సైనిక తనిఖీ దగ్గర బస్సు ఆగింది. పాలస్తీనా వాళ్లందరూ, చెప్పవలసిన అవసరమే లేకుండా, లేచి దిగి ఎండలో వరుస కట్టారు. విదేశీయులం మేము సీట్లలోనే కూర్చున్నాం. నా పక్కన కూర్చున్న ముసలాయన దిగేటప్పుడు తన ద్రాక్షపళ్ల సంచిని నా ఒళ్లో పెట్టి వెళ్లాడు. ఎక్కడో ఏడు సముద్రాల అవతలి నుంచి వచ్చిన నేను కూర్చుని ఉండగా, ఈ నేల మీదే పుట్టిన మనిషి కిందకు దిగి కాగితం చూపించవలసి వచ్చింది. తరువాతి శుక్రవారం కుర్చీకి బ్రేకు వేసి, ఒక అట్ట అడిగి తీసుకున్నాను.

మా మేడలో స్నానాల గదికి పలకలు వేసి, సఫ్తా పట్టుకుని లేవడానికి గోడకు కడ్డీ బిగించిన మేస్త్రీ బేత్లెహేముకు పడమటనున్న ఒక ఊరివాడు. తెల్లవారుజామున నాలుగింటికే తనిఖీ కేంద్రం వరుసలో నిలబడితేనే ఏడింటికి పనికి అందుకునేవాడు. బేత్లెహేము ఉన్న పాలస్తీనా ప్రాంతం పశ్చిమ తీరం (వెస్ట్ బ్యాంక్) నుంచి ఇజ్రాయెల్‌లోకి పనికి రావాలంటే ఇజ్రాయెల్ యజమాని పేరు మీద అనుమతి కావాలి, వేలిముద్రలున్న అయస్కాంత కార్డు కావాలి. ఆ అనుమతినే వాళ్లు తస్రీహ్ అంటారు. 2022 చివర్లో ఒకరోజు ఆయన కార్డు గేటు దగ్గర పనిచేయలేదు. ‘మనా అమ్నీ’, అంటే భద్రతా కారణాలపై నిషేధం అన్నారు, కారణం ఏమిటో చెప్పలేదు. ఆరోపణ ఏమిటో తెలియని మనిషి దేనికని జవాబు చెప్పుకుంటాడు?

తనిఖీ కేంద్రాలను గమనించడానికి 2001లో ఏర్పడిన మాఖ్‌సోమ్ వాచ్ స్త్రీలు ఇలాంటి వాళ్ల తరఫున అప్పీళ్లు రాసేవారు, సఫ్తా వాళ్లలో ఒకతె. అయితే అప్పటికి ఆమె చూపు బాగా మందగించింది. ఆమె చెబుతుంటే హీబ్రూలో టైపు చేసే పని నాకు వచ్చింది. ఒక్కొక్క అక్షరం వెతికి కొడుతూ, నాలుగు వాక్యాల ఉత్తరానికి నేను ఒక పూట తీసుకున్నాను. గుర్తింపు కార్డు నకలు, పాత అనుమతుల నకళ్లు, ఆయన పనితనం గురించి యజమాని ఉత్తరం, తన తరఫున మేము అడగవచ్చని ఆయన సంతకం చేసిన కాగితం కావాలి. ఆ సంతకం కోసం నా సెలవు రోజున, పశ్చిమ తీరాన్ని వేరు చేస్తూ ఇజ్రాయెల్ కట్టిన గోడ దాటి వెళ్లాను. సిమెంటు తిని చీలిన వేళ్లతో కలం పట్టుకుని, పేరును చాలా నెమ్మదిగా, బడి పిల్లవాడిలా రాసి, “చూడు ఉఖ్తీ, సరిగ్గా ఉందా?” అని అడిగాడు. ఉఖ్తీ అంటే అక్కా, చెల్లీ అన్న పిలుపు.

మొదటి జవాబు ఒక్క వాక్యంలో తిరస్కరణ. సఫ్తా దాన్ని నా చేత రెండుసార్లు చదివించుకుని, ఆ రోజే రెండోది చెప్పి రాయించింది. వాళ్ల జవాబులో లేని మాట ఏదో అదే మనం అడగాలి అనేది ఆమె, అంటే కారణం. మూడు ఉత్తరాలు, లెక్కలేనన్ని ఫోన్లు అయ్యాక, కోర్టుకు వెళ్లవలసి వస్తుందని లాయరు తెలియజేసిన తరువాత, 2023 వేసవిలో నిషేధం తొలగింది. దేనికి పెట్టారో, దేనికి తీశారో నేటికీ ఎవరూ చెప్పలేదు. ఆయన కొత్త తస్రీహ్‌తో వచ్చి, కడ్డీ మరలు బిగువుగా ఉన్నాయో లేదో చూసి వెళ్లాడు.

అది మూడు నెలలు కూడా నిలవలేదు. అక్టోబరు 7న సైరన్ మోగినప్పుడు మా పాత మేడలో రక్షణ గది లేనందున సఫ్తాను మెట్ల దగ్గరకు చేర్చి ఆమె తల మీద దిండు పెట్టాను. ఆ రోజు గాజా నుంచి వచ్చిన హమాస్ సాయుధులు, వాళ్లతో కలిసినవాళ్లు ఇజ్రాయెల్‌లో దాదాపు 1,200 మందిని చంపారు, 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు. గాజా రోగులను ఇజ్రాయెల్ ఆసుపత్రులకు తన కారులో చేర్చిన శాంతి ఉద్యమకారిణి వివియన్ సిల్వర్ గాజా సరిహద్దు దగ్గరి బేరీ గ్రామంలోని తన ఇంట్లోనే చనిపోయారని నవంబరులో తెలిసినప్పుడు సఫ్తా ఆ రోజంతా అన్నం ముట్టలేదు. తరువాత ఇజ్రాయెల్ దాడుల్లో గాజాలో చనిపోయిన వారి లెక్క పదుల వేలు దాటుతుంటే ప్రతి ఉదయం రేడియోలో ఆ అంకె విని, లెక్కల టీచరు కదా, దానిలోంచి నిన్నటి అంకె తీసివేసి పైకి చెప్పేది. పశ్చిమ తీరం నుంచి వచ్చే లక్షకు పైగా పనివారి అనుమతులు ఆగిపోయాయి. మా మేస్త్రీదీ ఆగింది.

ఆ ఖాళీల్లోకి మనవాళ్లు వచ్చారు. 2024 మే నెలలో హైదరాబాదులో జరిగిన ఎంపికల్లో 900 మందికి పైగా తెలంగాణ పనివారిని తీసుకున్నారు. ఊళ్లో దొరకని జీతం, లక్ష రూపాయలకు పైమాట, యుద్ధం జరుగుతున్న చోట ఇస్తామంటే వచ్చిన వాళ్లను నేను తప్పు పట్టను. నేనూ డబ్బుకే వచ్చాను. ప్రార్థన కూడికలో పరిచయమైన నిజామాబాద్ అబ్బాయి ఒకసారి సగం కట్టిన స్నానాల గది గోడ ఫోటో పంపి, “అక్కా, పెన్సిల్‌తో ఏదో రాసిన్రు, ఏముందో జెర చెప్పవా? మాకంటే ముందు ఇక్కడ చేసినోళ్లు ఏడికి పోయిన్రు?” అని అడిగాడు. అక్షరాలు అరబ్బీలో ఉన్నాయి. మేస్త్రీకి పంపాను. చాలాసేపు జవాబు రాలేదు. తరువాత గొంతు రికార్డు చేసి పంపాడు: “నీళ్ల వాలు తలుపు వైపు కాదు, కిటికీ వైపు అని రాసుంది. ఆ అబ్బాయిని అలాగే వేయమను, లేకపోతే నీళ్లు నిలిచిపోతాయి.”

రెండో ప్రశ్నకు జవాబు నేను ఆ అబ్బాయికి ముఖాముఖి చెప్పాను. అతడు తల వంచుకుని విన్నాడు.

నాలా వృద్ధులను చూసుకునే పనివారికి వీసా గడువు 63 నెలలే. అదే వృద్ధురాలి దగ్గర కొనసాగుతున్నందువల్లే నాది పొడిగిస్తున్నారు. అంటే సఫ్తా ఊపిరి ఉన్నంత వరకే నా కాగితమూ ఉంటుంది. అందుకే కావచ్చు, ఇప్పుడు అప్పీలు వల్ల ఫలితం ఉండదని లాయరు అన్నా, మేస్త్రీ పేరు దస్త్రంలో మూగగా పడి ఉండకూడదని ఆమె అంటే నేను కాదనలేదు. 2025 అక్టోబరులో గాజాలో కాల్పుల విరమణ మొదలైన వారం ఆమె మళ్లీ ఉత్తరం చెప్పింది. చివరి అనుమతి 2023 నాటిదని టైపు చేసి, కాగితాన్ని ఆమె ఒళ్లో పెట్టి, సంతకం ఎక్కడ చేయాలో ఆమె వేలిని పట్టుకుని చూపించాను.