రెండో రిన్స్ నీళ్లు తర్వాతి వాయికి

వాషింగ్ మెషీన్ మామూలుగా ఒక వాయికి మూడుసార్లు నీళ్లు వదులుతుంది: ఉతికినవి ఒకసారి, రిన్స్‌వి రెండుసార్లు. ఈ మూడింటినీ ఒకే డ్రమ్ములోకి పట్టేస్తే దక్కేది మురికినీళ్లే. నీళ్లు దాచుకోవడం కష్టమేమీ కాదు. ఏ విడత నీళ్లు దాచాలి, వాటిని మళ్లీ ఏ విడతలో వాడాలి అన్నదగ్గరే పని చెడుతుంది.

ఒక లెక్క చూద్దాం. టాప్ లోడ్ మెషీన్, ఆరు కిలోల బట్టలు, టబ్బు నిండితే 45 లీటర్లు, పౌడరు 60 గ్రాములు అనుకుందాం. ఉతికి, నీళ్లు వదిలి, స్పిన్ తిప్పాక కూడా బట్టల్లో నాలుగు లీటర్ల దాకా తడి మిగులుతుంది. అందులో ఐదు గ్రాముల పైచిలుకు పౌడరు ఉంటుంది. మొదటి రిన్స్‌లో కలిసేది అదే. ఆ నీళ్లూ పోయి స్పిన్ అయ్యాక బట్టల్లో మిగిలేది అర గ్రాము లోపే. అంటే రెండో రిన్స్ తర్వాత బయటికొచ్చే 41 లీటర్లలో అర గ్రాము పౌడరు కూడా ఉండదు. చూస్తే కాస్త మసకగా కనిపిస్తాయి, అంతే. తర్వాతి వాయి ఉతకడానికి ఇవి నిక్షేపంగా పనికొస్తాయి. ఈ ఒక్క మార్పుతోనే దాదాపు మూడో వంతు నీళ్లు మిగులుతాయి.

ఓపికుంటే ఇంకో మెట్టు ఎక్కొచ్చు. రెండు డ్రమ్ములు పెట్టుకుని, మొదటి రిన్స్ నీళ్లు తర్వాతి వాయి ఉతకడానికి, రెండో రిన్స్ నీళ్లు తర్వాతి వాయి మొదటి రిన్స్‌కి వాడటం. కుళాయి నీళ్లు చివరి రిన్స్‌కి మాత్రమే. అప్పుడు దాదాపు మూడింట రెండు వంతులు మిగులుతాయి, పౌడరు కూడా ఐదు గ్రాములు తగ్గించి వేసుకోవచ్చు. పెద్ద లాండ్రీల్లో టన్నెల్ వాషర్లు నడిచేది ఈ సూత్రం మీదే: బట్టలు ఒకవైపు కదులుతుంటే నీళ్లు వాటికి ఎదురు వస్తాయి. ఉతికిన నీళ్లు ప్రతిసారీ బయటికి పోతాయి కాబట్టి మురికి పేరుకుపోదు. ఇంట్లో మాత్రం రెండు డ్రమ్ములంటే చోటూ గందరగోళమూ రెండూ ఎక్కువే. ఒక డ్రమ్ముతో మొదలుపెట్టడమే మేలు.

ఒకప్పుడు అమెరికాలో సడ్స్ సేవర్ అనే మెషీన్లు అమ్మేవారు. అవి దీనికి పూర్తిగా తిరగేసి పనిచేసేవి: ఉతికిన సబ్బునీళ్లను పక్క తొట్టిలోకి పంపి, తర్వాతి వాయికి మళ్లీ లాక్కునేవి. వేడినీళ్లు, సబ్బు ఆదా చేయడం వాటి ఉద్దేశం, మురికి సంగతి తర్వాత. జపాన్ మెషీన్ల పద్ధతి నాకు నచ్చుతుంది. స్నానాల తొట్టిలో మిగిలిన నీళ్లను చిన్న పంపుతో లాగి ఉతకడానికీ, మొదటి రిన్స్‌కీ వాడి, చివరి రిన్స్‌కి మాత్రం కుళాయి నీళ్లే తీసుకోమంటారు.

ఇక పట్టడం. మీ మెషీన్ నీళ్లు బయటికి ఎలా పంపుతుందో ముందు చూసుకోండి. డ్రెయిన్ పంపు ఉన్నదైతే దాదాపు మీటరు ఎత్తుకి తోస్తుంది, డ్రమ్ము అంచు మీదుగా పైపు వేస్తే చాలు. పైపు మూతి మాత్రం డ్రమ్ములోని నీళ్లకి తగలకూడదు, కనీసం అయిదు సెంటీమీటర్లు పైన ఉండాలి. మునిగిందో, పంపు ఆగాక డ్రమ్ము నీళ్లు సైఫన్ అయి వెనక్కి టబ్బులోకి వస్తాయి. పంపు లేకుండా, అడుగున వాల్వు తెరిచి నీళ్లు వదిలే మెషీనైతే పైపు నేలమీదే ఉండాలి. పైకెత్తితే టబ్బు ఖాళీ కాదు, ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. మెషీన్‌నే ఎత్తైన దిమ్మె మీద పెడదామనే ఆలోచన వద్దు, స్పిన్‌లో ఊగి జారుతుంది. పొట్టి తొట్టి ఒకటి పెట్టి, నీళ్లలో ముంచి పెట్టే సబ్‌మెర్సిబుల్ పంపుతో డ్రమ్ములోకి తోడుకోండి. రెండు నిమిషాల్లో 41 లీటర్లు దిగే మెషీనైతే గంటకి 1230 లీటర్లకి తగ్గని పంపు కావాలి, లేకపోతే గది నిండా నీళ్లే.

డ్రెయిన్ పైపుకి మూడు దారుల వాల్వు బిగించి, ఒక దారి మోరీకి, ఒకటి డ్రమ్ముకి పెట్టుకోండి. రెండో రిన్స్ నీళ్లు వదలడం మొదలవ్వగానే వెంటనే తిప్పకండి. పైపులోనూ పంపు గుంతలోనూ అంతకుముందు విడత నీళ్లు లీటరో అరో నిలిచి ఉంటాయి. మొదట ఆ బూడిదరంగు నీళ్లు నురగతో వస్తాయి, అయిదారు సెకన్లకి తేటపడతాయి. అప్పుడు తిప్పాలి. బట్టల నుంచి ఊడిన పీచు కోసం పైపు మూతికి చిన్న జాలీ కడితే రెండు వాయిలకే మూసుకుపోయి పంపు మీద బరువు పడుతుంది. వెడల్పాటి నైలాన్ సంచీ కట్టండి, వాయివాయికీ దులపండి.

తిరిగి వాడేటప్పుడు డ్రమ్ము పైపుని మెషీన్ ఇన్‌లెట్‌కి, అంటే కుళాయి నీళ్లు లోపలికి పోయే మూతికి, తగిలించకండి. ఆ వాల్వుకి ఒత్తిడి కావాలి, పక్కన పెట్టిన డ్రమ్ము నుంచి అది రాదు. పైగా పీచు పోయి దాని జాలీలో ఇరుక్కుంటుంది. కుళాయి లైనుకి టీ జాయింటు (మూడు మూతుల పైపుముక్క) పెట్టి కలపడం ఇంకా ప్రమాదం, వాడిన నీళ్లు మంచినీళ్లలోకి వెనక్కి పోవచ్చు. టాప్ లోడ్‌కి మూత తీసి పోయడమే దారి. కొత్త మెషీన్లు ముందు పొడి బట్టలనే అటూఇటూ తిప్పి బరువు చూస్తాయి. అది అయ్యేదాకా ఆగి, నీళ్లు మొదలయ్యాక కుళాయి కట్టేసి, ఆపకుండా గబగబా పోసేయండి. ఆలస్యమైతే నీళ్లు రావట్లేదని ఎర్రర్ ఇస్తుంది. డ్రమ్ము అడుగు అయిదు సెంటీమీటర్ల నీళ్లు మాత్రం తోడకండి, మడ్డి అంతా అక్కడే.

ఫ్రంట్ లోడ్‌లో తలుపు తీయలేం. పౌడరు వేసే సొరుగు గుండా మెల్లగా పోయొచ్చు, సెన్సరు నీటిమట్టం చూసి వాల్వు కట్టేస్తుంది. కానీ అది తీసుకునే నీళ్లే తక్కువ కాబట్టి అంత శ్రమకి మిగిలేదీ తక్కువే. అది వాడేవాళ్లకి ఈ ఏర్పాటు నేను చెప్పను, ఆ నీళ్లు నేల కడగడానికి పట్టుకుంటే సరి.

అన్నిటికన్నా ఎక్కువ పాడుచేసేది ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్. అది చేరేది చివరి రిన్స్‌లోనే, అంటే మనం దాచే నీళ్లలోనే. సాఫ్ట్‌నర్‌ది ధనావేశం, పౌడరుది రుణావేశం. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని జిడ్డుగా విడిపోతాయి. పౌడరు పని చేయదు, ముదురు బట్టల మీద మరకలు పడతాయి. సాఫ్ట్‌నర్ వేసిన రోజు ఆ నీళ్లు మోరీకే పోనివ్వండి. కొత్తగా రంగు దిగే బట్టలు, పసిపిల్లల పక్కగుడ్డలు, జబ్బుపడ్డవాళ్ల దుప్పట్లు ఉతికినప్పుడూ అంతే.

వరస కూడా ముఖ్యం. తెల్లవి ముందు, లేతరంగులు తర్వాత, ముదురువి ఆఖరున, అన్నీ ఒకే పూటలో వేసుకుంటే నీళ్లు డ్రమ్ములో ఉండేది గంటో రెండు గంటలో. 24 గంటలు దాటితే వాసన మొదలవుతుంది, ఎండాకాలం ఇంకా ముందే. ఆఖరి వాయి రిన్స్ నీళ్లకి తర్వాతి వాయి ఉండదు కాబట్టి వాటితో నేల కడిగేసి, డ్రమ్ము గోడల జిగురు బ్రష్‌తో రుద్ది, బోర్లించి ఆరబెట్టండి. నీళ్లున్నంతసేపూ బిగుతైన మూత ఉండాల్సిందే, ఇంట్లో పసిపిల్లలుంటే మరీను.