మొగ్గవద్దన్న మాట ముందు, సహనం తర్వాత

పాలకుడు దుర్మార్గుడైతే జనం తిరగబడవచ్చా అని ఎవరైనా అడిగితే, చాలామంది ముందుగా చదివేది ఖురాన్‌లో సూరా (అధ్యాయం) నిసా 59వ ఆయత్ (వాక్యం). అల్లాహ్‌కు, ప్రవక్తకు, మీలో అధికారం ఉన్నవారికి విధేయులుగా ఉండండి. చాలా ప్రసంగాలు అక్కడితో ఆగిపోతాయి, ఆయత్ మాత్రం ఆగదు. మీ మధ్య ఏ విషయంలోనైనా వివాదం వస్తే దాన్ని అల్లాహ్ ముందు, ప్రవక్త ముందు పెట్టండి అంటూ సాగుతుంది. అధికారంలో ఉన్నవాడితో వివాదం రావచ్చు, వస్తే చివరి మాట అతనిది కాదు అనే సంగతి ఆ ఆయత్‌లోనే ఉంది.

ఈ మొహర్రంలో నేను ఎక్కువసేపు కూర్చున్నది సూరా హూద్ దగ్గర. హూద్, దానిలాంటి మరికొన్ని సూరాలు తన వెంట్రుకల్ని నెరిపించాయని దైవప్రవక్త (స) అన్నట్టు హదీసు ఉంది. అందులో 112 నుంచి 115 వరకు నాలుగు ఆయత్‌లు వరసగా చదవాలి. మొదట, ఆజ్ఞాపించినట్టు నిటారుగా నిలబడు, హద్దు మీరవద్దు. తర్వాత, దౌర్జన్యం చేసేవారి వైపు మొగ్గవద్దు, మొగ్గితే నరకాగ్ని మిమ్మల్ని తాకుతుంది. ఆ తర్వాత పగటి రెండు కొసల్లో, రాత్రి కొంత భాగంలో నమాజు చేయి. చివరికి, సహనం వహించు, మేలు చేసేవారి ప్రతిఫలాన్ని అల్లాహ్ వృథా కానివ్వడు.

సహనం ఎక్కడ వచ్చిందో చూడండి. జాలిమ్ (దౌర్జన్యపరుడు) వైపు మొగ్గవద్దని చెప్పిన తర్వాతే వచ్చింది. ఇప్పటికే మొగ్గిపోయినవాడు సహనం గురించి బోధిస్తే దాన్ని ఏమనాలో నాకు తెలియదు గానీ, ఈ ఆయత్‌లు చెప్పే సహనం మాత్రం అది కాదు.

హదీసుల సంకలనం బుఖారీలో అలీ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఉంది. ప్రవక్త (స) ఒక దళాన్ని పంపుతూ దాని నాయకుడి మాట వినమన్నారు. దారిలో నాయకుడికి వాళ్ల మీద కోపం వచ్చింది. కట్టెలు పోగు చేయించాడు, మంట పెట్టించాడు. "నా మాట వినమని ప్రవక్త మీకు చెప్పలేదా? అయితే ఇందులో దూకండి" అన్నాడు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిప్పు నుంచి తప్పించుకోవడానికే కదా ప్రవక్త వెంట వచ్చాం, మళ్లీ నిప్పులోకే వెళ్లడమేమిటి అనుకున్నారు. ఈలోగా మంట ఆరింది, అతని కోపమూ చల్లారింది. విషయం తెలిసిన ప్రవక్త (స), వాళ్లు గనక దూకి ఉంటే ఇక ఎన్నటికీ బయటికి వచ్చేవాళ్లు కాదన్నారు. విధేయత మంచి విషయాల్లోనే అని తేల్చి చెప్పారు. 632లో ఖలీఫా అయిన అబూబక్ర్ (రజి) తొలి ప్రసంగమూ ఈ దారిలోనే ఉంటుంది: నేను సరిగ్గా నడిస్తే సాయపడండి, తప్పితే సరిచేయండి, నేను అల్లాహ్‌కూ ప్రవక్తకూ అవిధేయుణ్ణైతే మీరు నా మాట వినాల్సిన పని లేదు.

వినకపోవడం వేరు, కత్తి ఎత్తడం వేరు. అసలు చిక్కంతా ఇక్కడే.

మొహర్రం పదోనాడు, అంటే ఆషూరా రోజు, రెండు జ్ఞాపకాలను మోస్తుంది. ఫిరౌన్ నుంచి మూసా (అలై) జాతి విముక్తి పొందినందుకు ఉపవాసం ఒకటి, ప్రవక్త మనవడు హుస్సేన్ (రజి) ప్రాణమిచ్చిన కర్బలా రెండోది. మూసా కత్తి పట్టలేదు. మృదువుగా మాట్లాడమని ఆజ్ఞ తీసుకుని రాజసభకు వెళ్లాడు, ఫిరౌన్‌ను సముద్రం ముంచింది. హుస్సేన్ (రజి) విషయంలో లోకం కళ్లకు కనబడే గెలుపు యజీద్‌ది. 680లో ఖలీఫా ముఆవియా చనిపోగానే ఆయన కొడుకు యజీద్ బైఅత్ (విధేయతా ప్రమాణం) అడిగాడు. హుస్సేన్ ఇవ్వలేదు. ఇరాక్‌లోని కూఫా నుంచి రమ్మని ఉత్తరాలొచ్చాయి. వెళ్లవద్దని బంధువు ఇబ్నె అబ్బాస్ బతిమాలాడు. జనం గుండెలు మీ వైపే గానీ కత్తులు ఉమయ్యాల (యజీద్ వంశం) వైపు ఉన్నాయని దారిలో ఫరజ్దక్ అనే కవి హెచ్చరించాడు. అదే జరిగింది. హిజ్రీ 61 మొహర్రం 10న కర్బలాలో, 72 మంది అని మనం చెప్పుకునే ఆ చిన్న గుంపు నేలకొరిగింది. మన తెలుగు పల్లెల్లో పీర్ల పండుగనాడు హిందువులూ ముస్లింలూ కలిసి హసన్, హుస్సేన్‌లను తలుచుకుని పాడుకునేది ఆ కథే. పీర్లెత్తడం సరైనదా కాదా అనే వాదన మనలో ఉంది, దాన్ని ఇప్పుడు ముట్టుకోను.

షియాలకు కర్బలా ధర్మానికే గీటురాయి. సున్నీ పండితుల్లో ఎక్కువమంది హుస్సేన్‌ను అమరుడిగా గౌరవిస్తూనే, ఆ తర్వాతి కాలాల్లో తిరుగుబాటు వద్దన్నారు. ఈ రెండో వైఖరిని పిరికితనం అనేవాళ్లకు ప్రవక్త సహచరుడు ఇబ్నె ఉమర్ (రజి)ను చూపిస్తాను. ఆయన యజీద్‌కు బైఅత్ ఇచ్చాడు. మదీనా ప్రజలు తిరగబడినప్పుడు కూడా దాన్ని తెంచుకోలేదు. అదే ఇబ్నె ఉమర్ దగ్గరికి ఇరాక్ మనిషి ఒకడు వచ్చి, ఇహ్రామ్ (హజ్ దీక్ష)లో ఉండి ఈగను చంపితే ఏం చేయాలి అని అడిగాడు. ఈగ గురించి అడుగుతున్నారా, దైవప్రవక్త మనవణ్ణి చంపినవాళ్లు మీరు కాదా అన్నాడాయన. ఆ ఇద్దరు మనవళ్లూ ఈ లోకంలో తన పూలని ప్రవక్త అన్న మాట కూడా గుర్తు చేశాడు. ఉమయ్యాల రాజ్యంలో ఉంటూనే అన్న మాట ఇది. కత్తి ఎత్తలేదు గానీ, జరిగిన హత్యను హత్య కాదని ఒక్కసారీ అనలేదు.

ఇరవై ఏళ్ల తర్వాత ఇరాక్‌లో ఉమయ్యాల గవర్నరుగా హజ్జాజ్ ఉన్నప్పుడు ఇబ్నుల్ అష్అస్ అనే సేనాని తిరుగుబాటు లేచింది. ఖురాన్ పండితులు గుంపులు గుంపులుగా చేరారు, వారిలో సయీద్ ఇబ్నె జుబైర్ ఒకరు. బస్రా పండితుడు హసన్ బస్రీ మాత్రం వద్దన్నాడు. హజ్జాజ్ అల్లాహ్ పంపిన శిక్ష, దాన్ని కత్తులతో తిప్పికొట్టలేరు, వినయంతో వేడుకోండి అన్నాడు. తిరుగుబాటు ఓడిపోయింది. సయీద్ ఏళ్ల తరబడి తప్పించుకు తిరిగి, 714లో దొరికి హజ్జాజ్ చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. అయితే హసన్ బస్రీ హాయిగా ఉన్నాడా? హజ్జాజ్‌ను విమర్శించినందుకు ఆయనా చాలాకాలం దాక్కునే బతికాడు. మన పుస్తకాలు ఇద్దరి పేర్ల పక్కనా ఒకే ప్రార్థన రాస్తాయి: అల్లాహ్ ఆయనను కరుణించుగాక.

బాగ్దాద్ పండితుడు అహ్మద్ ఇబ్నె హంబల్‌దీ అదే తీరు. ఖురాన్ సృష్టించబడినదని ఒప్పుకోమని అబ్బాసీ ఖలీఫాలు ఒత్తిడి పెడితే ఒప్పుకోక జైలుకెళ్లాడు, కొరడా దెబ్బలు తిన్నాడు. తర్వాత ఖలీఫా వాసిఖ్ కాలంలో బాగ్దాద్ ఫకీహులు (ధర్మశాస్త్ర పండితులు) వచ్చి ఇక తిరగబడదాం అంటే, ముస్లింల రక్తం పారించవద్దని గట్టిగా ఆపాడు. ఆ వాసిఖ్‌నే ఎదిరించి 846లో తల తెగిన అహ్మద్ ఇబ్నె నస్ర్‌ను మాత్రం, ప్రాణాన్ని ఎంత ఉదారంగా ఇచ్చేశాడని మెచ్చుకున్నాడు. జైల్లో ఉన్నప్పుడు కాపలావాడు, జాలిములకు సహాయం చేసేవాళ్లలో నేనూ ఒకణ్ణా అని అడిగాడట. కాదు, నీ బట్టలుతికేవాడు, నీకు వండిపెట్టేవాడు సహాయకులు, నువ్వు జాలిముల్లోనే ఒకడివి అన్నాడట.

2011లో ఇదే చర్చ మళ్లీ వీధికెక్కింది. ఈజిప్టులో ముబారక్ గద్దె దిగిన వారానికి, ఫిబ్రవరి 18న, పండితుడు యూసుఫ్ ఖర్జావీ కైరో తహ్రీర్ చౌక్‌లో జుమా ప్రసంగం చేసి జనాన్ని అభినందించాడు. మార్చిలో సౌదీ పెద్ద ఉలమాల (పండితుల) మండలి, ప్రదర్శనలు షరీఅత్ చూపిన సంస్కరణ మార్గం కాదని ప్రకటించింది. సిరియాలో పండితుడు బూతీ ప్రభుత్వం పక్షాన నిలిచి, 2013లో దమాస్కస్ మసీదులో జరిగిన పేలుడులో చనిపోయాడు. ఆ దేశం ఎంత రక్తం చూసిందో తలుచుకుంటే హసన్ బస్రీ భయం అర్థమవుతుంది. అలాగని ఆ రక్తం లెక్కంతా వీధికెక్కినవాళ్ల ఖాతాలో రాసి, కాల్చినవాణ్ణి వదిలేయడానికి నాకు మనసొప్పదు.

దుర్మార్గ పాలకుడి ముందు న్యాయమైన మాట చెప్పడం అత్యుత్తమ జిహాద్ అన్న హదీసు విన్నప్పుడు నాకు మన హైదరాబాద్ షోయబుల్లా ఖాన్ గుర్తొస్తాడు. ఇమ్రోజ్ పత్రికలో రజాకార్లకు, నిజాం విధానాలకు వ్యతిరేకంగా ఉర్దూలో రాసి 1948 ఆగస్టులో హత్యకు గురయ్యాడు. పాలకుడు ముస్లిం అని ఆయన కలం ఆగలేదు.

మరి ఇప్పుడు ధర్నా చేస్తే ఖురూజ్ అవుతుందా అని కుర్రాళ్లు అడుగుతుంటారు. ఫకీహులు ఖురూజ్ అన్నది సాయుధ బలంతో పాలకుడి మీదికి వెళ్లడాన్ని. చట్టం ఒప్పుకునే ఊరేగింపు, వినతిపత్రం, ఓటు ఆ లెక్కలోకి రావని నా అభిప్రాయం, కాదనే ఆలిములూ ఉన్నారు. సాయుధులై వచ్చినవాళ్ల విషయంలో కూడా ఫిఖ్‌హ్ (ధర్మశాస్త్రం) ముందు పాలకుడి చేతులే కట్టింది: వాళ్ల ఫిర్యాదు వినాలి, పారిపోయేవాణ్ణి వెంటాడకూడదు, గాయపడినవాణ్ణి చంపకూడదు. ఈ నియమాలకు ఆధారం తనను ఎదిరించిన ముస్లింలతో జరిగిన జమల్ యుద్ధంలో ఖలీఫా అలీ (రజి) నడవడిక. తన మొహం మీదే నినాదాలిచ్చిన, తన పక్షం నుంచి విడిపోయిన ఖారిజీలతో కూడా ఆయన, మిమ్మల్ని మసీదుకు రాకుండా ఆపం, మీ వాటా నిలిపివేయం, మీరు మొదలుపెట్టేదాకా మేం యుద్ధం చేయం అన్నాడు.