అమలాపురంలో బ్యాడ్మింటన్ రైలు: నాలుగో పెట్టె దాకా

మొదటి ఆదివారం

మేనల్లుడి పుట్టినరోజుకు ఐదు వారాలుంది. వాడికి షటిలంటే ప్రాణం, రైలన్నా అంతే. మా ఊరికి రైలు ఇంకా రాలేదు. ఎక్కాలంటే ఏ వైపు వెళ్లినా గోదావరి పాయ దాటాల్సిందే.

బావ అమెరికా నుంచి బేస్‌బాల్ టీమ్ రంగులున్న బొమ్మ రైలు తెస్తానన్నాడు. అక్కడ ఇలా ఆటల టీమ్‌ల పేరుతో వచ్చే రైళ్లకు గిరాకీ ఎక్కువ. తమ టీమ్ బొమ్మ ఉంటే చాలు, రైళ్ల గురించి తెలియనివాళ్లూ కొనేస్తారు. పైగా ఒక్కో పెట్టె విడిగా దొరుకుతుంది కాబట్టి వచ్చే ఏడాది ఏం ఇవ్వాలో వెతుక్కోనక్కర్లేదు. కానీ బేస్‌బాల్ మావాడికేం తెలుసు? వాడి హీరో మా ఊరి బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్. ఆ రైలే చేద్దామనుకున్నా.

కొనేవాళ్లకు ఒక మాట: పట్టా వెడల్పు ఒక్కటే చూసి కొనకండి. బొమ్మ రైళ్ల సైజుల్లో హెచ్‌ఓ అంటే 1:87, అసలు రైలులో 87వ వంతు; ఆన్30 అంటే 1:48. రెండూ 16.5 మి.మీ. పట్టాల మీదే నడుస్తాయి, పక్కపక్కన పెడితే మాత్రం ఏనుగూ ఎలుకా. అమెరికా సెట్ అయితే అడాప్టర్ మీద 120 వోల్టులనే ఉందేమో చూడండి. మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది.

మూడో ఆదివారం

మూడు హెచ్‌ఓ పెట్టెలకు రంగు అయింది. ఒకదాని మీద బ్యాంకాక్ 2022, మన టీమ్ గెలిచిన థామస్ కప్పు. రెండోది బర్మింగ్‌హామ్ 2022, కామన్వెల్త్ డబుల్స్ స్వర్ణం. మూడోది హాంగ్‌జౌ, ఆసియా క్రీడల స్వర్ణం. అక్షరాలు డెకాల్ కాగితం మీద ప్రింట్ తీసి, నీళ్లలో నానబెట్టి అతికించా.

వాన రోజు క్లియర్ లాకర్ (రంగులేని వార్నిష్) స్ప్రే కొట్టడం నా తప్పు. గాలిలో తేమకి బర్మింగ్‌హామ్ పెట్టె మొత్తం తెల్లగా మసకబారింది. ప్రాణం ఉసూరుమంది. గీకేసి మళ్లీ మొదలు. ఈసారి ఎండ బాగా కాసిన రోజు, మధ్యాహ్నం, పల్చగా మూడు పూతలు వేశా. అద్దంలా వచ్చింది.

ఐదో ఆదివారం

ఖాళీ పెట్టెలు మలుపులో పడిపోతున్నాయి. హెచ్‌ఓ పెట్టెకు ఒక ఔన్సు, దాని మీద పొడవులో అంగుళానికి అర ఔన్సు చొప్పున బరువుండాలి. నావి ఆరంగుళాలవి, అంటే నాలుగు ఔన్సులు, సుమారు 113 గ్రాములు. వలలకు కట్టే సీసం గుళ్లు తెచ్చి లోపల జిగురుతో అతికించి, అడుగు మూసేశా. సీసం కాబట్టి పిల్లల చేతికి అందకూడదు, పని అయ్యాక మనమూ చేతులు కడుక్కోవాలి.

పట్టాలు నికెల్ సిల్వర్‌వే తీసుకున్నా, మన తేమకి స్టీలువి తుప్పు పడతాయి. 18 అంగుళాల రేడియస్ ముక్కలు పన్నెండు కలిపితే వృత్తం పూర్తి. నాలుగడుగుల చదరం ప్లైవుడ్ చాలు, మంచం కిందకి తోసేయొచ్చు.

పుట్టినరోజు

నాలుగో పెట్టె మీద ఒక్క అంకె: 565. 2023లో గిన్నిస్ రికార్డుకెక్కిన సాత్విక్ స్మాష్ వేగం, గంటకు కిలోమీటర్లలో. వాడు ముందు అదే పట్టుకున్నాడు.

"మావయ్యా, రైలు కూడా అంత స్పీడుతో పోతుందా?"

కూర్చుని లెక్కేశాం. 565ని 87తో భాగిస్తే గంటకు ఆరున్నర కిలోమీటర్లు. మా వృత్తం చుట్టుకొలత 2.87 మీటర్లు, అంటే చుట్టుకు ఒకటిన్నర సెకను పైచిలుకు. అంత వేగానికి మలుపులో పట్టాల మీద నిలవదు. అందుకే 60 కిలోమీటర్ల వేగం చాలనుకున్నాం, దానికి చుట్టుకు 15 సెకన్లు రావాలి. వాడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాడు, నేను కంట్రోలర్ తిప్పా. మొదటి చుట్టు 19 సెకన్లు. మూడో చుట్టుకి సరిగ్గా 15.