చెందుర్తి చేలో ఒక ఆదివారం

ఈరోజు చెందుర్తి వెళ్లొచ్చాం. ఏటా డిసెంబరులో ఒక ఆదివారం మా రామచంద్రపురం నుంచి ఇష్టమున్నవాళ్లని వెంటబెట్టుకెళ్లి 1758లో ఇంగ్లీషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ యుద్ధం జరిగిన నేల మీద రెండు మూడు గంటలు నడిపిస్తాను. ఈసారి పదకొండు మందిమి. మా మేనల్లుడు వచ్చాడు, ఎదురింటి పిన్నిగారు మోకాళ్ల నొప్పులున్నా "ఎప్పుడూ గుళ్లకేగా వెళ్తాను, ఇది కూడా చూస్తాను బాబూ" అని వ్యానెక్కేశారు.

దారి పొడుగునా ధాన్యం రోడ్డు మీదే ఆరబోశారు, కాకినాడ చేరేసరికే ఆలస్యమైపోయింది. గొల్లప్రోలులో టిఫిన్ చేసి చెందుర్తిలో దిగాం. మేం నడిచినంత మేరా చేలు, గట్లు, తాటిచెట్లు. కోట గోడలుంటే వాటిని చూపించి చెప్పొచ్చు, ఇక్కడ నడుస్తూ చెప్పాల్సిందే.

1753లో హైదరాబాద్ నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కార్లని, అంటే మన కోస్తా ప్రాంతాన్ని, ఫ్రెంచి సేనాని బుస్సీకి ఇచ్చేశాడు. 1758లో బుస్సీని దక్షిణానికి పిలిపించుకుని ఫ్రెంచివాళ్లు ఇక్కడ కాన్‌ఫ్లాన్ అనే సేనానిని పెట్టారు. అదను చూసి విజయనగరం రాజు ఆనందగజపతి తిరగబడి ఇంగ్లీషువాళ్లని పిలిచాడు, క్లైవు బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ని ఓడల మీద విశాఖపట్నం పంపాడు. ఆ డిసెంబరులోనే రెండు సైన్యాలూ ఇక్కడ ఢీకొన్నాయి.

గట్టు మీద నడుస్తూ ఇదంతా చెబుతుంటే మా వాడు ఆగిపోయాడు. "మావయ్యా, ఇంగ్లీషు పటాలం చేను చాటున ఉండిపోయిందన్నావు కదా, వరి మోకాలు దాటి ఇంకాస్త వస్తుందేమో, దాని చాటున పటాలం ఎలా కనిపించకుండా ఉంటుంది?" డెల్టా పిల్లాడు మరి, చేను అంటే వాడికి వరి చేనే. ఇది మెట్ట, ఇంగ్లీషువాళ్ల రాతల్లో మొక్కజొన్న అని ఉంది, జొన్న అయ్యుంటుందని నా అభిప్రాయం, ఏదైనా మనిషెత్తు పైరు.

పక్కనే మొక్కజొన్న చేను ఉంటే రైతుని అడిగాను. కంకులు విరవకపోతే చాలన్నాడు. మా వాడినీ ఇంకో ఇద్దరు పిల్లల్నీ సాళ్ల మధ్య పదడుగులు లోపలికి పొమ్మన్నాను. మా వాడిది ఎర్ర చొక్కా, నాలుగో అడుగుకే మాయం. పైన జల్లులు కదలడం, ఆకులు ఒరుసుకునే చప్పుడు, లోపల్నుంచి నవ్వులు. అందరూ ఒక్కసారి మాటలాపేసి ఆ కదులుతున్న చోటే చూస్తున్నారు, ఆ క్షణం కోసమే నేను ఏటా ఇక్కడికి వస్తాను.

అప్పుడు మిగతాది చెప్పాను. ఫోర్డ్ సైన్యంలో ఎడమవైపున్న దేశీ సిపాయిలు ఎర్రకోట్లు వేసుకున్నారు, ఫ్రెంచివాళ్లు వాళ్లనే ఇంగ్లీషు తెల్లపటాలం అనుకుని అటు విరుచుకుపడ్డారు. సిపాయిలు చెదిరిపోయారు, గెలిచేశామనుకుని తరుముతుంటే చేను చాటునున్న అసలు తెల్లపటాలం బయటికొచ్చి పక్కనుంచి కాల్చింది. కాన్‌ఫ్లాన్ గుర్రమెక్కి రాజమండ్రి పారిపోయాడు. నాలుగు నెలలు తిరిగేసరికి, 1759 ఏప్రిల్లో, మచిలీపట్నం కూడా ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది, కోస్తాలో ఫ్రెంచివాళ్ల ఆట కట్టింది.

"ఇంతకీ మనవాళ్లు ఎటువైపు బాబూ?" అన్నారు పిన్నిగారు. తెల్లవాళ్లు రెండు వైపులా కలిపి సుమారు వెయ్యిమంది, సిపాయిలేమో ఫ్రెంచివాళ్ల దగ్గర ఆరు వేలు, ఫోర్డ్ దగ్గర దాదాపు రెండు వేలు, రాజుగారి మనుషులు వేరే. రెండు వైపులా మనవాళ్లేనండీ అన్నాను. ఆవిడ గట్టు మీద కూలబడి చాలాసేపు ఆ చేనుకేసే చూస్తూ ఉండిపోయారు. పాఠం పుస్తకంలో ఫోర్డ్ పేరు, కాన్‌ఫ్లాన్ పేరు చదివినప్పుడు ఇది నాకూ తట్టలేదు, మొదటిసారి ఇక్కడ నడిచాకే తట్టింది.

చీకటిపడ్డాక ఇల్లు చేరాం. మొక్కజొన్న ఆకులు కోసుకుని మా వాడి చేతుల నిండా ఎర్రటి గీతలు, మా అక్క కొబ్బరినూనె రాస్తూ నన్ను చెడామడా తిట్టింది. వాడు మాత్రం తింటున్నంతసేపూ కంచంలో అన్నాన్ని రెండు కుప్పలు చేసి, మధ్యలో గోంగూర పెట్టి, ఫోర్డ్ ఎక్కడున్నాడో వాళ్లమ్మకి చూపిస్తూనే ఉన్నాడు.