శక్కర్‌నగర్‌లో కాపురం

నిజామాబాద్ నుంచి బోధన్ పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. బోధన్ పట్టణానికి అంటుకుని, చక్కెర ఫ్యాక్టరీ కోసమే పుట్టిన నివాస ప్రాంతం శక్కర్‌నగర్. బదిలీ మీద బోధన్ వచ్చినప్పుడు, అద్దెలు తక్కువనీ, చెట్లు ఎక్కువనీ, కాలేజీకి సైకిలు మీద వెళ్ళిరావచ్చుననీ ఇక్కడ ఇల్లు తీసుకున్నాను. మళ్ళీ మారాలన్న ఆలోచన ఇంతవరకు రాలేదు. అయితే శక్కర్‌నగర్‌లో ఉండటమంటే, మూతపడిన ఫ్యాక్టరీ గురించిన మాటలు రోజూ వినడానికి సిద్ధపడటమే. కూరగాయల బండి దగ్గర, మంగలి షాపులో, రామాలయం అరుగు మీద, ఎక్కడ నలుగురు కూర్చున్నా చివరికి మాట అక్కడికే వస్తుంది. బయటినుంచి వచ్చిన నాకు మొదట ఇది పాత వైభవాన్ని తలచుకుని బాధపడటంలాగానే కనిపించింది గానీ, వింటున్నకొద్దీ అందులో గతం గురించిన మాట తక్కువనీ, రేపటి గురించిన లెక్కే ఎక్కువనీ తెలిసింది.

ఇక్కడికి ఫ్యాక్టరీ కంటే ముందు నీళ్ళు వచ్చాయి. మంజీర నది మీద నిజాంసాగర్ జలాశయం నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. 2.75 లక్షల ఎకరాలకు నీరందించాలన్నది అప్పటి అంచనా. అంత భూమి తరిలోకి, అంటే నీటి సాగులోకి వస్తే ఏ పంట వేయాలన్న ప్రశ్నకు దొరికిన జవాబుల్లో చెరుకు ముఖ్యమైనది. ఆ చెరుకు ఆడటానికే 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. కాలువల కింది భూములు కొనుక్కుని కోస్తా జిల్లాల రైతులు వచ్చి స్థిరపడ్డారు. వారు వెలయించిన ఊళ్ళను ఈ ప్రాంతంలో ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. రుద్రూరులో చెరుకు పరిశోధన కేంద్రం వెలిసింది. ఫ్యాక్టరీకి వేల ఎకరాల సొంత వ్యవసాయ క్షేత్రాలు ఉండేవి, చక్కెర తీశాక మిగిలే మడ్డి (మొలాసిస్) నుంచి ఆల్కహాల్ తీసే డిస్టిలరీ ఉండేది. ఆసియాలోనే ఇంత పెద్ద ఫ్యాక్టరీ లేదని పెద్దలు చెబుతారు. ఆ మాట మీద నేను ఎవరితోనూ వాదనకు దిగను.

ఒకే యజమాని కట్టించిన ఊరికి ఒక లక్షణం ఉంటుంది. ఇంటి కొలతను బట్టి అందులో ఉన్నవాడి హోదా చెప్పవచ్చు. అధికారుల బంగళాలకు విశాలమైన ఆవరణలు, కార్మికుల క్వార్టర్లకు ఉమ్మడి గోడలు. ఇప్పుడు ఆ తేడాను ఎండావానలు చాలావరకు చెరిపేశాయి. ఒకప్పుడు నల్లా పాడైనా, దీపం పోయినా, డ్రైనేజీ నిండినా చెప్పుకోవడానికి ఒకటే ఆఫీసు. ఇప్పుడు అవే పనులకు మున్సిపాలిటీ ఒకటి, విద్యుత్తు సంస్థ ఒకటి, క్వార్టరు గోడ కూలితే మాత్రం ఎవరూ లేరు. ఫ్యాక్టరీ పోవడమంటే జీతం పోవడమేనని నేను అనుకునేవాణ్ణి. ఫిర్యాదు చేసుకునే చోటు కూడా దానితోపాటే పోతుందని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

మూత సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది ఒక్క రోజున జరగలేదు. 2002లో ప్రభుత్వం 51 శాతం వాటాను ప్రైవేటు సంస్థకు అప్పగించి, 49 శాతం తన దగ్గర ఉంచుకుంది. ఆ అమ్మకంపై శాసనసభా సంఘం విచారణ జరిగింది. తెలంగాణ ఉద్యమ సభల్లో ఈ ఫ్యాక్టరీ పేరు తరచుగా వినిపించింది. రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది, 2015 డిసెంబరు 23న, బోధన్‌తో పాటు అదే సంస్థకు చెందిన ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లకు కూడా లేఆఫ్ ప్రకటించారు, అంటే పని ఆపి కార్మికులను ఇళ్ళకు పంపారు. వేతన బకాయిల కోసం కార్మికులు ఏళ్ళ తరబడి ఆందోళన చేశారు. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులమ్మి అప్పులు తీర్చి సంస్థను ముగించడానికి ఆదేశించింది. 2024 జనవరిలో పునరుద్ధరణ మార్గాలను సూచించడానికి కొత్త ప్రభుత్వం మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీని నియమించింది. ఈ క్రమంలో ఏ దశలోనూ ‘ఇక తెరవము’ అన్న మాటను ఎవరూ సూటిగా అనలేదు. ప్రతి ఎన్నికలోనూ తెరుస్తామన్నవారే ఉన్నారు.

నా దృష్టిలో శక్కర్‌నగర్‌ను ఎక్కువగా దెబ్బతీసింది మూత కాదు, ఈ తేలకపోవడం. తెరుస్తారని నమ్మినవాడు క్వార్టరు వదిలి పోడు, తెరవరేమోనని అనుమానించినవాడు దానికి సున్నం వేయించడు, మొత్తం మీద ఒకే మనిషి రెండూ చేస్తుంటాడు. మా వీధి చివర ఒక విశ్రాంత కార్మికుడి ఇంట్లో వర్షాకాలమంతా టార్పాలిన్ కిందే వంట సాగుతుంది. రేకులు మార్పించుకునే స్తోమత ఆయనకు లేక కాదు, తనది కాని ఇంటికి ఎంత ఖర్చు పెట్టాలో తెలియక. సొంత ఊళ్ళో స్థలం ఉన్నా అక్కడ ఇల్లు మొదలుపెట్టలేదు. ఫ్యాక్టరీ తెరిస్తే కొడుక్కి అందులో పని దొరుకుతుందేమోనన్న ఆశ ఆ ఇంటినిండా ఉంది. ఆ కొడుకు మాత్రం గల్ఫ్‌లో ఉన్నాడు, ఫోన్ చేసినప్పుడు ఆ సంగతి ఎత్తడు. (బోధన్ నుంచి బీదర్‌కు రైలు మార్గం కావాలన్న డిమాండ్ కూడా ఇలాంటిదే. జానకంపేట మీదుగా వచ్చే బ్రాంచి లైను బోధన్‌లో ఆగిపోయి దశాబ్దాలు దాటినా, దాన్ని పొడిగిస్తారన్న ఆశతో మాట్లాడేవారు ఇక్కడ తక్కువేమీ కాదు.)

ఇళ్ళు ఎలా గడుస్తున్నాయని అడిగితే జవాబు ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల్లో ఉంటుంది. నిజామాబాద్ జిల్లా బీడీల జిల్లా. మధ్యాహ్నం మా వీధిలో నడిస్తే గడపల మీద చేటలు ఒళ్ళో పెట్టుకుని తునికాకు కత్తిరించే స్త్రీలు కనిపిస్తారు. ఫ్యాక్టరీ కార్మికులకు వర్తించే భవిష్య నిధి పింఛను పథకం కింద కనీస పింఛను 2014 నుంచి వెయ్యి రూపాయలు. అర్హత ఉన్న బీడీ కార్మికురాలికి రాష్ట్ర ప్రభుత్వం 2019లో పెంచిన ఆసరా పింఛను 2,016 రూపాయలు. అంటే ఫ్యాక్టరీ కాలంలో చిల్లర ఖర్చులకు అనుకుని ఇంట్లో చుట్టిన బీడీలు, కొన్ని ఇళ్ళలో భర్త చక్కెర ఉద్యోగం కంటే నమ్మకమైన వృద్ధాప్య ఆధారంగా మిగిలాయి. ఈ లెక్కను ఒకావిడ నాకు చెప్పినప్పుడు గర్వం గానీ, ఎత్తిపొడుపు గానీ ఆమె గొంతులో లేదు.

ఇంత చెప్పాక, ఇక్కడి నివాసం దుర్భరమనుకుంటే పొరపాటు. వీధుల్లో వాహనాల రద్దీ తక్కువ, పిల్లలు సాయంత్రం రోడ్డు మీదే క్రికెట్ ఆడుకుంటారు. పొరుగిళ్ళలో తెలుగు, ఉర్దూ, మరాఠీ కలిసి వినిపిస్తాయి. మహారాష్ట్ర సరిహద్దు దగ్గరే కనుక ధర్మాబాద్, బిలోలి పేర్లు ఇక్కడ చుట్టాల ఊళ్ళలాగానే పలుకుతారు. పర్వదినాల్లో మంజీర గోదావరిలో కలిసే కందకుర్తికి స్నానాలకు వెళ్ళడం చాలా కుటుంబాలకు అలవాటు. ఒకే చోట పనిచేసినవాళ్ళు కనుక ఇరుగుపొరుగువారికి ఒకరి సంగతి ఒకరికి పూర్తిగా తెలుసు. నాలాంటి కొత్తవాడికి అది కొన్నిసార్లు ఇబ్బంది, జ్వరం వచ్చినప్పుడు మాత్రం అదే ఆసరా.

ఫ్యాక్టరీ తెరవడం సాధ్యమా అన్న ప్రశ్నకు నా దగ్గర నిపుణుడి జవాబు లేదు, చూసినది చెప్పగలను. బోధన్ చుట్టూ ఇప్పుడు కనిపించేది వరి, సోయా. మిల్లులంటే రైసు మిల్లులే. చెరుకు పొలంలో దాదాపు ఏడాది పాటు ఉంటుంది. నరకడానికి కూలీలు దొరకాలి. అన్నిటికంటే ముఖ్యంగా, నరికిన చెరుకును ఒకటి రెండు రోజుల్లో ఆడకపోతే తూకమూ తగ్గుతుంది, రసంలోని చక్కెరా తగ్గుతుంది. ఒకప్పుడు చెరుకు వేసిన రైతు ఒకాయన మా ఇంటి ముందు టీ తాగుతూ అన్నాడు: “సారూ, వడ్లయితే కుప్ప పోసి నెల దినాలన్నా ఆగొచ్చు. కొట్టిన చెరుకు ఆగుతదా? మిల్లు బందయితదేమోనని భయం ఉంటే ఎవడేస్తడు?” కోత యంత్రం, కొనుగోలు కేంద్రం, మద్దతు ధర వరికి ఉన్నాయి. యంత్రాలు బాగుచేయడం కంటే ఆ రైతుకు నమ్మకం కలిగించడమే కష్టమనిపిస్తుంది. చెరుకు లేకుండా ఫ్యాక్టరీ తెరవలేరు, ఫ్యాక్టరీ తెరుస్తారన్న హామీ లేకుండా చెరుకు వేయరు.

అందుకే ఫ్యాక్టరీ నిర్ణయం వచ్చేదాకా మిగతావన్నీ ఆపి ఉంచడం సరికాదని మా వీధిలో అప్పుడప్పుడు అంటుంటాను. ముఖ్యంగా క్వార్టర్ల సంగతి. వాటిలో ఉంటున్నవారికి ఏ హక్కు ఉందో, లేకపోతే ఎప్పటివరకు ఉండవచ్చో కాగితం మీద తేల్చి చెప్పడానికి క్రషింగ్ సీజన్ దాకా ఆగనక్కరలేదు. ఈ మాటకు పెద్దవాళ్ళు అంత త్వరగా ఒప్పుకోరు. ఇళ్ళ సంగతి విడిగా తేల్చమంటే, ఫ్యాక్టరీ మీద ఆశ వదులుకున్నామని మనమే రాసి ఇచ్చినట్టవుతుందని వారి భయం. వారి వయసులో, వారి బకాయిలతో నేను ఉంటే ఏమనేవాణ్ణో చెప్పలేను. చిన్నవాళ్ళలో కొందరు మాత్రం ఇంటి పన్ను రసీదులు, పాత కరెంటు బిల్లులు, అలాట్‌మెంట్ ఉత్తర్వులు ఒక ఫైలులో చేర్చడం మొదలుపెట్టారు. దరఖాస్తు రాసే పని నాకు అప్పగించారు. దాన్ని ఏ కార్యాలయానికి ఇవ్వాలన్న దగ్గర ప్రస్తుతం చర్చ నడుస్తోంది.