సీసపు కప్పు గుళ్లు, అన్నదమ్ముల తగవు

నాకు ఊళ్ల పేర్ల పిచ్చి. అలా తవ్వుతూ పోతే ఈసారి తగిలింది దక్షిణ సెర్బియాలోని టోప్లిట్సా లోయ. సెర్బియన్‌లో 'టోప్లో' అంటే వెచ్చన, ఆ చుట్టుపక్కల ఇప్పటికీ వేడినీటి బుగ్గలున్నాయి. కొపావొనిక్ కొండల్లో పుట్టి దక్షిణ మొరావాలో కలిసే ఈ నది వెంబడి ఉన్న ఊళ్లన్నీ కలిపి మధ్యయుగంలో ఒక 'జూప', అంటే మన లెక్కలో ఒక సీమ అనుకోండి. దాని పెద్దని జూపాన్ అనేవారు, అందరు జూపాన్‌ల మీదా ఒక మహా జూపాన్.

1160ల్లో ఈ లోయ సెర్బియా ఏలే ఇంటి కొడుకు స్టెఫాన్ నెమాన్యా వాటాకొచ్చింది. నలుగురు అన్నదమ్ముల్లో ఆఖరివాడు. ఇక్కడ దేవమాత పేర ఒకటి, సెయింట్ నికొలస్ పేర ఒకటి, రెండు మఠాలు కట్టించాడు. మహా జూపాన్‌గా ఉన్న పెద్దన్న తిహోమిర్‌కి, మిగతా అన్నలకి ఒళ్లు మండింది. మమ్మల్ని అడక్కుండా నీ ఇష్టమొచ్చినట్టు కట్టేస్తావా అని తమ్ముణ్ణి పట్టుకుని గుహలో పడేశారు!

గుడి సాకేననిపిస్తుంది నాకు. అంతకుముందే బైజాంటిన్ చక్రవర్తి మాన్యుయెల్ అన్నల్ని పక్కనపెట్టి వీడికి దుబోచిట్సా అనే సీమ ఇచ్చాడు, అసలు మంట అక్కడే ఉండాలి. కానీ గుహ కథ రాసింది నెమాన్యా కొడుకు, తర్వాత రాజైన స్టెఫానే. అందులో సెయింట్ జార్జే వచ్చి తండ్రిని విడిపిస్తాడు, ఇక తప్పంతా పెదనాన్నలదే. విడిపిస్తే గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడట, ఆ మొక్కు కిందే అప్పటి సెర్బియా రాజధాని రాస్ దగ్గర సెయింట్ జార్జ్‌కి ఇంకో మఠం లేచింది. 1168 ప్రాంతంలో పాంతినో దగ్గర నెమాన్యాకీ అన్నలకీ జరిగిన యుద్ధంలో తిహోమిర్ సిత్నిట్సా నదిలో మునిగి చచ్చిపోయాడు. ఆ తర్వాత నెమాన్యా వంశం రెండు వందల ఏళ్లు ఏలింది.

మఠాలున్న ఊరిని అప్పట్లో తెల్ల గుళ్లు అనేవారు. తర్వాత ఒట్టోమన్‌లు వచ్చి ఆ గుళ్ల సీసపు కప్పులు చూసి పేరే మార్చేశారు, టర్కిష్‌లో 'కుర్షున్' అంటే సీసం, ఊరు కుర్షుమ్లియా అయింది. తమాషా ఏంటంటే సెర్బియన్‌లో 'కుర్షుమ్' అంటే తుపాకీ గుండు, కాబట్టి పేరు విన్నవాళ్లెవరికీ గుడి గుర్తురాదు.

1219లో సెర్బియన్ చర్చి సొంతంగా నిలబడ్డాక టోప్లిట్సా బిషప్ సెయింట్ నికొలస్ మఠంలోనే కూర్చున్నాడు. ఆ గుడి ఇంకా నిలబడే ఉంది. కోసానిట్సా నది వచ్చి టోప్లిట్సాలో కలిసే చోట కట్టిన దేవమాత మఠం మాత్రం మొండిగోడలే. 1196లో నెమాన్యా గద్దె దిగి సన్యాసం పుచ్చుకుని తను స్టుడెనిట్సా మఠానికి వెళితే, భార్య అనా కూడా అదే ఏడు సన్యసించి అనస్తాసియా అయ్యి, అన్ని గొడవలకి మూలమైన ఈ మఠానికే వచ్చింది.